ఎలక్ట్రిక్ బిల్ కోసం వెతుకుతూ: గార్బేజ్ పెయిల్ కిడ్స్ పాత కార్డుల మీద నా రివ్యూ

పోయిన నెల ఒక శనివారం మా ఊరి హైస్కూలు జిమ్‌లో కార్డ్ షో పెట్టారు. అక్కడ ఒక పెద్దాయన బల్ల మీద చెప్పుల పెట్టెల్లో వరసగా పేర్చిన పాత స్టిక్కర్ కార్డులు కనబడ్డాయి. గంటన్నర నిలబడి ఒక్కొక్కటీ వెలుగుకి పెట్టి చూసుకుని, చివరికి ఒక పూర్తి సెట్టు కొన్నాను. గార్బేజ్ పెయిల్ కిడ్స్ మూడో సిరీస్, 1986లో వచ్చింది. 84 నుంచి 124 దాకా నంబర్లు, ఒక్కో నంబరులో ఎ ఒకటి, బి ఒకటి, మొత్తం 82 కార్డులు. డెబ్బై అయిదు డాలర్లు తీసుకున్నాడు. ఆయన ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. పైగా భూతద్దం చేతికిచ్చి "బాగా చూసుకోమ్మా" అన్నట్టు చెయ్యి ఊపి, తన కాఫీ తాను తాగుతూ కూర్చున్నాడు. ఇలాంటి వాళ్ళ దగ్గరే కొనాలి.

ఈ కార్డులేమిటో తెలియని వాళ్ళ కోసం కాస్త చెబుతాను. 1983లో అమెరికాలో క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ అనే బొమ్మల కోసం జనం క్రిస్మస్ ముందు దుకాణాల్లో తోసుకున్నారు. గుండ్రటి బుగ్గలు, చిట్టి కళ్ళు, పొట్టి చేతులు, ప్రతి బొమ్మకూ ఒక పేరు, దాంతో పాటు దత్తత కాగితం. ఆ ముద్దు బొమ్మల్ని వెక్కిరిస్తూ బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ 1985లో ఈ కార్డులు తెచ్చింది. అవే బుగ్గలు, అవే పొట్టి చేతులు. కానీ ఒకడి ముక్కులోంచి చీమిడి కారుతుంటుంది, ఒకడు కక్కుతుంటాడు, ఇంకొకడి ఒళ్ళంతా పురుగులు పాకుతుంటాయి, ఒక పిల్ల కొవ్వొత్తిలా కరిగిపోతుంటుంది. ప్రతి బొమ్మకూ రెండు పేర్లు: ఎ కార్డు మీద ఒకటి, బి కార్డు మీద ఇంకొకటి. అయిదు స్టిక్కర్లు, ఒక గులాబీ రంగు బబుల్ గమ్ ముక్క, పైన మైనం కాగితం. పాకెట్టు ఒక క్వార్టర్, అంటే పాతిక సెంట్లు.

ఆ క్వార్టర్ గురించి నేను చాలా చెప్పగలను.

1985 ఆగస్టులో మేం తెనాలి నుంచి న్యూయార్క్ క్వీన్స్‌కి వచ్చాం. అత్తయ్య స్పాన్సర్ చేసింది. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. నాన్న తెనాలిలో కెమిస్ట్రీ లెక్చరర్. ఇక్కడ ఒక ల్యాబులో రాత్రి షిఫ్టు. అపార్ట్‌మెంటు కింద బేస్‌మెంటులో బట్టలుతికే మిషన్లుండేవి, వాటిలో క్వార్టర్లే వెయ్యాలి. ఊరి నుంచి ఆవకాయ పెట్టి తెచ్చుకున్న హార్లిక్స్ సీసా ఖాళీ అయ్యాక అమ్మ దాన్ని కడిగి ఆరబెట్టి క్వార్టర్ల సీసా చేసింది. నాలుగు నెలలైనా మూత తియ్యగానే ఆవపిండి వాసన వచ్చేది. ఆరబెట్టే మిషను రెండోసారి తిప్పకుండా బట్టలు ఆరితే ఒక క్వార్టర్ మిగులుతుంది. ఆ క్వార్టర్ నాకిస్తానని అమ్మ ఒప్పుకుంది. అందుకని నేను తువ్వాళ్ళు, నాన్న ప్యాంట్లు మిషన్లో వెయ్యకముందే పిండగలిగినంత పిండి, మందంగా ఉన్నవి స్నానాల గదిలో తీగ మీద ఆరేసేదాన్ని. వారానికి ఒక క్వార్టర్, అంటే వారానికి ఒక పాకెట్టు. శనివారం పొద్దున మూల మీది కొట్టుకి వెళ్ళి, అట్టపెట్టెలో వేళ్ళు పెట్టి, మధ్యలో ఉన్న పాకెట్టే ఎంచి తీసేదాన్ని. మధ్యలోవి మంచివని తమ్ముడి నమ్మకం.

నేను చదివింది తెలుగు మీడియం. నాలుగో తరగతిలో కూర్చున్నాను గానీ టీచరు ఏమంటోందో సగం తెలిసేది కాదు, పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో అసలే తెలిసేది కాదు. భాష రాకపోతే లెక్కలైనా చెయ్యొచ్చు. జోకు మాత్రం అందదు. అక్టోబరులోనో నవంబరులోనో, మధ్యాహ్నం అన్నాల వేళ, ఎదురు బెంచీ పిల్లాడు నా పళ్ళెం పక్కన ఒక కార్డు పెట్టాడు. అప్ చక్. మొదటి సిరీస్, 3ఎ. నాకు పకాల్న నవ్వొచ్చింది. పేరు అర్థం కాలేదు, బొమ్మ చాలు. వాడు వెంటనే పొట్ట పట్టుకుని వాంతి చేసుకుంటున్నట్టు నటించి "అప్‌చక్! అప్‌చక్!" అన్నాడు. అప్‌చక్ అంటే కక్కడం, చక్ అంటే మనిషి పేరు కూడా అని ఆ సాయంత్రానికి అర్థమైంది. అమెరికా వచ్చాక నేను ఇంకొక పిల్లాడితో కలిసి నవ్విన మొదటి నవ్వు అది. ఈ కార్డుల్ని నేను ఇంత ఇష్టపడటానికి మొదటి కారణం ఇదే, దీన్ని దాచి రివ్యూ రాయడం నాకు చేతకాదు.

తెనాలిలో ఉన్నప్పుడు నాది అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఒలిచి పాత నోటుబుక్కులో అంటించుకునే అలవాటు. కాబట్టి పోగు చెయ్యడం కొత్త కాదు. కొత్తదల్లా ఆ పేర్లు. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ "ఛీ, ఇవేం బొమ్మలే తల్లీ, చూస్తే అన్నం దిగుతుందా" అని మొహం తిప్పుకుంది. నాన్న మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. ఆయన చెప్పేది కెమిస్ట్రీ అయినా ప్రాణమంతా పద్యం మీదే. ఆదివారం మధ్యాహ్నం మంచం మీద నా కార్డులన్నీ పరిచి, నన్నూ తమ్ముణ్ణీ చెరోవైపు కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు.

"ఇది చూడు, నాస్టీ నిక్. న, న. హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు, సగం యతే. ఇది మెల్టిన్ మెలిస్సా, మె, మె, ఇది పూర్తి యతి. బగ్డ్ బర్ట్, ఇదీ అంతే. డెడ్ టెడ్, ఇచీ రిచీ, పాటీ స్కాటీ, ఇవన్నీ అంత్యప్రాస. ఆడం బాంబ్ ఉందే, ఇది శ్లేష. వాడి పేరు ఆడం, పలికితే ఆటం బాంబు."

నాకు ఇంగ్లిషు ప్రాస పట్టుబడింది ఆ మంచం మీదే. ఆ తర్వాత స్కూల్లో స్పెల్లింగు పరీక్ష పెడితే నాకు భయం వేసేది కాదు, ఒక మాట వింటే దాని తోడు మాట వెతికే అలవాటు పడింది.

ఆ కట్టలో నేను నాలుగు డబుల్స్, అంటే నా దగ్గర రెండేసి ఉన్న కార్డులు, ఇచ్చి మార్చుకున్న కార్డు ఒకటుంది. మొదటి సిరీస్, 4బి. ఒక పిల్లాడు కరెంటు కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎ కార్డు మీద వాడి పేరు ఫ్రయిన్ బ్రయన్. బి కార్డు మీద ఎలక్ట్రిక్ బిల్. నాన్న ఆ పేరు చదివి ఒక్క క్షణం ఆగారు. ఎదురుగా గోడకి మేకుకి గుచ్చిన కాగితాల్లో పైనున్నది ఆ నెల కరెంటు బిల్లు. హీటర్ల వల్ల ఎంతొచ్చిందో అని అంతకు ముందు రాత్రే అమ్మా ఆయనా మాట్లాడుకోవడం మేం విన్నాం. నాన్న కార్డు వంక, కాగితం వంక, మళ్ళీ కార్డు వంక చూసి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ నవ్వారు. వంటింట్లోంచి అమ్మ గరిటెతో వచ్చి "ఏమైందండీ" అంటే కార్డు చూపించి "ఇదిగో, మన బిల్లుగారు" అన్నారు. అమ్మ కూడా నవ్వేసింది. ఊరు వదిలాక నాన్న అలా నవ్వడం అదే మొదలు. ఆ కార్డు ఆయన అడిగి తీసుకున్నారు. బిల్లులు పెట్టుకునే ఫైల్లో, ముందు అట్టకి లోపలి వైపు, స్టిక్కరు ఒలవకుండా పిన్నుతో పెట్టుకున్నారు. 1991లో న్యూజెర్సీకి ఇల్లు మారినప్పుడు ఆ ఫైలు ఎక్కడో పోయింది.

ఇప్పుడు వస్తువు సంగతికి వస్తాను.

మొదట బొమ్మల పనితనం. చూడగానే యాక్ అనిపించేవి కాబట్టి ఏదో గీసి పడేశారనుకుంటారు చాలామంది. భూతద్దం కింద పెట్టి చూడండి. మొదటి రెండు సిరీస్‌ల బొమ్మలన్నీ జాన్ పౌండ్ అనే ఒక్క చిత్రకారుడు వేశాడు. ఆడం బాంబ్‌నే తీసుకోండి, 8ఎ. నీటుగా సూటు వేసుకుని కూర్చున్న పిల్లాడు, చేతిలో బటను, ఆ బటను నొక్కేశాడు. నడినెత్తి పగిలి పుట్టగొడుగు మేఘం లేచింది. మొహం మాత్రం ప్రశాంతంగా, సంతృప్తిగా, ఇప్పుడే పాయసం తాగినవాడిలా ఉంటుంది. మేఘం అడుగున నారింజ రంగు, పైకి పోయేకొద్దీ పసుపు, ఆ మంట వెలుగు బుగ్గల మీద పడిన తీరు, అన్నీ లెక్కగా ఉన్నాయి. నాసిగా గీస్తే ఈ బొమ్మ చూడలేం. పని ఇంత శ్రద్ధగా ఉండబట్టే నవ్వొస్తుంది. తర్వాతి సిరీస్‌లలో టామ్ బంక్ చేరాడు. ఆయన బొమ్మల్లో మూలమూలలా చిన్న చిన్న సంగతులుంటాయి, ఒక ఈగ, ఒక ఎముక, ఒక పగిలిన సీసా. మా తమ్ముడికి ఆయనంటే ప్రాణం, నాకు పౌండ్ అంటే. దీని మీద మేం ఇప్పటికీ ఫోన్లో వాదించుకుంటాం.

ఈ కార్డుల వెనక టాప్స్‌లో పని చేసినవాళ్ళలో ఆర్ట్ స్పీగల్‌మన్ ఒకడు. ఆయన నాజీల కాలంలో తన తల్లిదండ్రులు పడ్డ బాధల్ని బొమ్మల కథగా చెప్పి 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి అందుకున్నాడు. మార్క్ న్యూగార్డెన్ ఇంకొకడు. ఇంతటివాళ్ళు కూర్చుని పిల్లల చీమిడి గురించి ఆలోచించారంటే నాకు చాలా సంతోషం. మేం క్వీన్స్‌లో క్వార్టర్లు లెక్కపెట్టుకుంటుంటే, అదే ఊళ్ళో, బ్రూక్లిన్‌లో, వాళ్ళు తరవాతి పాకెట్టులో ఏ పిల్లాడు ఎలా కుళ్ళిపోవాలో తేల్చేవాళ్ళు. ఇది నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

అప్పట్లో చాలా స్కూళ్ళు ఈ కార్డుల్ని నిషేధించాయి. ముద్దు బొమ్మల వాళ్ళు కోర్టుకెళ్ళారు, 1986లో జార్జియా ఫెడరల్ కోర్టులో టాప్స్‌కి వ్యతిరేకంగా తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది, తర్వాత రాజీ కుదిరి పిల్లల రూపాన్ని, పైనున్న పేరు పట్టీని మార్చారు. అందుకే ఆఖరి సిరీస్‌లలోని పిల్లలు మొదటి వాళ్ళలా ఉండరు. 1988 దాకా మొత్తం 15 సిరీస్‌లు వచ్చి ఆగిపోయాయి. మధ్యలో 1987లో సినిమా కూడా వచ్చింది, దాని గురించి చెప్పడానికి నాకేమీ లేదు. 2003లో కొత్త కార్డులు మొదలయ్యాయి, అవి ఇప్పటికీ వస్తున్నాయి.

కొనేవాళ్ళకి నా సలహా: పాత వాటిలో రెండు నుంచి అయిదు సిరీస్‌ల దాకా ఏదైనా ఒకటి మొదలుపెట్టండి. మొదటి సిరీస్ ఖరీదు, అందులో ఆడం బాంబ్, నాస్టీ నిక్ మరీ ఖరీదు. మూడో సిరీస్‌లో బొమ్మలకి బొమ్మలు బాగుంటాయి, ధర చేతికందుతుంది, పూర్తి సెట్టు దొరుకుతుంది. నా సెట్టులో 82 కార్డుల్లో అంచులు నలగనివి అరవై పైచిలుకు. పదకొండు కార్డుల్లో బొమ్మ ఒక పక్కకి జరిగి అచ్చు పడింది, ఎడమ అంచు సన్నం, కుడి అంచు లావు. నాలుగింటి వెనక గమ్ ముద్ర ఉంది. ఆ గమ్ ముక్క కార్డుని తాకుతూ ఏళ్ళ తరబడి ఉంటే దాని నూనె అట్టలోకి దిగి పలచని నలుచదరపు మరక పడుతుంది. కొందరు దాన్ని లోపమంటారు. నాకు మాత్రం అవి చాలా ఇష్టం. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆ వాసన లేదు, అట్ట వాసనే. నలభై ఏళ్ళు గడిచాయి మరి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది డై-కట్. ఇవి కార్డులే కాదు స్టిక్కర్లు కూడా కాబట్టి పిల్లాడి బొమ్మ చుట్టూ, పేరు పట్టీ చుట్టూ సన్నని కోత ఉంటుంది. ఒలిస్తే బొమ్మ ఊడి వస్తుంది. వేలిగోరు మెల్లగా ఆనిస్తే ఆ గాడి తెలుస్తుంది. ఎవరో పిల్లాడు ఎప్పుడో మూల కొంచెం లేపి, మనసు మార్చుకుని మళ్ళీ అదిమేసిన కార్డులుంటాయి. కార్డుని దీపానికి అడ్డంగా పట్టుకుని ఏటవాలుగా చూస్తే ఆ లేచిన చోట చిన్న నీడ కనబడుతుంది. అలాంటివి తక్కువ ధరకి అడగొచ్చు. నేను రెండు తీసుకున్నాను. ఆ పిల్లాడు ఎందుకు ఆగిపోయాడో అని ఆలోచిస్తుంటే నాకు ఎంతో బాగుంటుంది.

ఇప్పుడొక చేదు అనుభవం. రెండేళ్ళ కింద ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఆడం బాంబ్ కొన్నాను. ఫోటోలో చక్కగా ఉంది, ధర మార్కెట్టు కన్నా కొంచెమే తక్కువ. కార్డు ఒక పలచటి కవర్లో, అట్ట కూడా లేకుండా వచ్చింది. చేతిలోకి తీసుకోగానే మనసుకి నచ్చలేదు. భూతద్దం కింద పెట్టాను. అసలు కార్డులో బొమ్మ రంగులు చుక్కచుక్కలుగా ఉన్నా, పేరు అక్షరాల నలుపు మాత్రం గట్టిగా, అంచు కోసినట్టు ఉంటుంది. దీంట్లో అక్షరాలు కూడా రంగురంగుల చుక్కలే. అంటే ఎవరో అసలు కార్డుని స్కాన్ చేసి ప్రింటు తీశారు. గోరు పెడితే గాడి లేదు. ఒలిచే వీలే లేదు, అది ఉత్త అట్ట. డబ్బు వెనక్కి రావడానికి ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాలూ టెన్షనే. డబ్బు పోతుందని కాదు, నాన్నకి చూపిద్దామని ఆయన్ని ముందే ఊరించి పెట్టాను. అప్పటి నుంచి మొదటి సిరీస్‌లో పేరుమోసిన కార్డు ఏదైనా సరే చేత్తో పట్టుకుని చూడకుండా కొనను. మీరూ కొనకండి. కుదరకపోతే అక్షరాల దగ్గరి ఫోటో పంపమని అడగండి. నిజాయితీగల వాళ్ళు పది నిమిషాల్లో పంపుతారు.

కార్డు ఎంత బాగుందో చూసి నంబరు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో సీలు చేసి అమ్మే గ్రేడెడ్ కార్డులు కూడా ఉన్నాయి. నకిలీ భయం ఉన్నవాళ్ళకి, ఖరీదైన ఒక్క కార్డు కొనేవాళ్ళకి అవి మంచివే. నాకు వద్దు. ఇవి పిల్లల చేతుల్లో తిరగడానికి పుట్టినవి. వెనక్కి తిప్పి చూడాలి, కొన్నిటి వెనక పెద్ద బొమ్మలో ఒక ముక్క ఉంటుంది, కొన్నిటి వెనక ఉత్తుత్తి సర్టిఫికెట్టు ఉంటుంది, ముక్కలన్నీ నేల మీద పేర్చి ఆ పెద్ద బొమ్మ చూసుకోవాలి. పలకలో పెట్టాక ఆ ఆట ఆగిపోతుంది. నేను ఒక్కో కార్డుకి మెత్తని సన్నని కవరు తొడిగి, తొమ్మిది అరల షీట్లలో పెట్టి బైండర్లో ఉంచుకున్నాను. షీట్లు పీవీసీ లేనివి చూసి కొనండి, పాతకాలపు పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంటే స్టిక్కరు అతుక్కుని పాడవుతుంది. ఎండ తగలనివ్వకండి. అంతకు మించి జాగ్రత్త అక్కర్లేదు.

కొత్త కార్డుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో తొమ్మిదేళ్ళవాడున్నాడు, మా తమ్ముడి కొడుకు. వాడి పుట్టినరోజుకి క్రోమ్ పాకెట్లు కొన్నాను. 2013లో మొదలైన వరస ఇది, పాత బొమ్మల్నే మెరిసే అట్ట మీద వేస్తారు. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. వాడికి తెగ నచ్చింది. నాకు బొమ్మ కన్నా మెరుపు ఎక్కువైందనిపించింది, పౌండ్ వేసిన నీడలు ఆ మెరుపులో కనబడవు. పైగా క్రోమ్ కార్డు గట్టిది, ఒలిచి అంటించుకోవడం కుదరదు. పిల్లలకి కొనేటట్టయితే మామూలు స్టిక్కరు పాకెట్లే కొనండి. అంటించుకోనివ్వండి.

అంటించడం అంటే గుర్తొచ్చింది. మా తమ్ముడు తన వాటా కార్డులన్నీ ఊరి నుంచి తెచ్చిన వీఐపీ సూట్‌కేసు మూత లోపల అంటించేశాడు. నేను దాచుకున్నాను, వాడు అంటించాడు. ఆ సూట్‌కేసు తర్వాత ఏదో ప్రయాణంలో తెనాలి చేరి అక్కడే ఉండిపోయింది. పోయినేడు వెళ్ళినప్పుడు అటక మీంచి దింపించి తెరిచాను. మూత లోపల ముప్పై ఏడు స్టిక్కర్లు, రంగు కొంచెం కూడా దిగలేదు. మెస్సీ టెస్సీ ముక్కులోంచి ఆ పచ్చటి ధార ఇంకా కారుతూనే ఉంది. మధ్యలో మా తమ్ముడు గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో వేసి గమ్‌తో అంటించిన రెండు బొమ్మలు కూడా ఉన్నాయి, నేను పూర్తిగా మరిచిపోయినవి: "గజ్జి గోపి", "చీమిడి చిట్టెమ్మ". కింద ఎ, బి అని కూడా రాశాడు. మా పేర్లు ఆ కార్డుల మీద రావని ఎప్పుడు అర్థమైందో మాకు గుర్తులేదు. తరగతిలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ముందు వెతికేది తమ పేరే, దొరికితే ఏడిపిస్తారని భయం, దొరకకపోతే దిగులు. ఇటలీలో, ఫ్రాన్సులో, జర్మనీలో, జపాన్‌లో, ఇజ్రాయెల్‌లో ఇవే కార్డులు అక్కడి భాషలో వచ్చాయి. తెలుగులో వచ్చినవి మాత్రం ఆ సూట్‌కేసు మూతలో ఉన్న రెండే.

మేనల్లుడికి ఆ ఫోటో చూపించాను. వాడు "అత్తా, గజ్జి అంటే?" అన్నాడు. చెయ్యి గోక్కుని చూపించాను. పడీ పడీ నవ్వాడు. ఆ సాయంత్రం కూర్చుని వాడే ఇంకొకటి వేశాడు, "పేల పార్వతి", తల నిండా పేలు, ఒక్కో పేనుకీ ఒక్కో కిరీటం. పేరు పెట్టడంలో వాడికి నేనేమీ సాయం చెయ్యలేదు, "పే" అనగానే "పా" వెతుక్కున్నాడు. నాన్నకి చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని, "హల్లు కలిసింది, అచ్చు కలవలేదురా, సగం యతే" అన్నారు. ఆయనకి ఇప్పుడు ఎనభై రెండు.

పిల్లలకిచ్చే ముందు తల్లిదండ్రులు ఒక మాట గమనించండి. పాత కార్డుల్లో, ముఖ్యంగా మొదటి సిరీస్‌లో, తాగుబోతు పిల్లాడూ ఉన్నాడు, కరెంటు కుర్చీ పిల్లాడూ ఉన్నాడు. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి నేను ఇవ్వను. ఎనిమిది దాటాక పక్కన కూర్చుని చూడండి, పేర్లు పైకి చదివించండి, మీకే తెలియకుండా ఇంకో పాకెట్టు తెరుస్తారు.

మూడో సిరీస్ సెట్టుకి నా మార్కులు అయిదుకి అయిదు. గమ్ మరకలకి ఏమీ తగ్గించను.

ఇక నాకు కావలసింది ఒక్కటే. మొదటి సిరీస్, 4బి, ఎలక్ట్రిక్ బిల్, డై-కట్ చెక్కు చెదరనిది. అంచులు నలిగినా ఫరవాలేదు, గమ్ మరక ఉన్నా ఫరవాలేదు, పిన్ను గుచ్చిన చిల్లు ఉన్నా ఫరవాలేదు. మీ ఇంటి అటక మీదో, మీ అన్నయ్య పాత పెట్టెలోనో ఉంటే చెప్పండి. నా దగ్గర మూడో సిరీస్ డబుల్స్ పదకొండు ఉన్నాయి, పదకొండూ ఇచ్చేస్తాను. నాన్న ఇప్పటికీ బిల్లులు ఫైల్లోనే పెట్టుకుంటారు, ముందు అట్ట లోపలి వైపు ఖాళీగా ఉంది.